భూమిని కొని పంచటం: బద్వేలు చెప్పే పాఠం

"దున్నేవానికే భూమి" అన్న నినాదాన్ని బాహాటంగా కాదనే రాజకీయపక్షం మన రాష్ట్రంలో కనిపించదు. భేదమంతా ఆ భూమి దున్నేవాని చేతికి ఏ దారిన రావాలి అన్న దగ్గర పుడుతుంది. మన చరిత్రలో మూడు దారులు కనిపిస్తాయి. పరిమితికి మించిన భూమిని చట్టం ద్వారా తీసుకొని పంచటం ఒకటి. ప్రభుత్వ బంజర్లను పేదలకు పట్టా చేసి ఇవ్వటం రెండవది. ఖజానా డబ్బుతో యజమాని దగ్గర భూమి కొని పేదలకు ఇవ్వటం మూడవది. మొదటి రెండింటిని గురించి మన విమర్శకులు చాలా రాశారు. మూడవదాన్ని మాత్రం ఒక్క వాక్యంతో కొట్టివేయటం మనకు అలవాటైంది. "అది భూసంస్కరణ కాదు, భూస్వామికి పరిహారం" అన్నదే ఆ వాక్యం.

ఆ వాక్యాన్ని నేనూ చాలాసార్లు అన్నాను. బద్వేలు ప్రాంతంలో ఉపాధ్యాయుడుగా పనిచేసిన రోజులలో, పోరుమామిళ్ల దారిలో వున్న ఒక పల్లెలో, భూమి కొనుగోలు పథకం కింద పేరు రాయించుకోబోతున్న ఆడవాళ్ల ముందు నిలబడి గూడా అన్నాను. అమ్మకానికి వచ్చినది కొండ పాదాన వున్న ఎనిమిదెకరాల మెట్ట చేను. అమ్మేవాడు ఊళ్లో పెద్ద రైతు. నేను చెప్పినదంతా శ్రద్ధగా విని, మాదిగపల్లెకు చెందిన ఒక ముసలమ్మ ఇట్లా అన్నది:

"నువ్వు చెప్పేది బాగానే వుండాది సార్. ఆయప్ప భూమి ఊరికే ఇచ్చేదెప్పుడు? నేను చచ్చేదెప్పుడు?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. ఆమె వేలిముద్ర వేసింది, ఒక ఎకరం తీసుకున్నది. నా వాక్యంలో సగం నిజం వుందనీ, మిగిలిన సగాన్ని నేను ఆలోచించలేదనీ తెలుసుకోవటానికి నాకు చాలాకాలం పట్టింది. ఆ మిగిలిన సగాన్ని గురించి ఆలోచించటమే ఈ వ్యాసోద్దేశం.

1. రైత్వారీ గడ్డ

బద్వేలు భూమి స్వభావం తెలియకుండా ఈ చర్చ సాగదు. తూర్పున వెలికొండలు, పడమట లంకమల, నడుమ సగిలేరు. ఏరు పారేది కొన్నాళ్లే. అందువల్ల ఇక్కడి సేద్యమంతా పూర్వంనుంచి చెరువుల మీద ఆధారపడింది. పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు ఆ చెరువును తవ్వించాడు. రోజూ వేయిమంది మనుషులు, నూరు బండ్లు, రెండేండ్ల పని అని శాసనం చెబుతుంది. మంచి చెరువుకు వుండవలసిన పన్నెండు అంగాలను, చెరువును చెరిచే ఆరు దోషాలను గూడా రాయించాడు. ఆరువందల ఏండ్లకు పూర్వమే ఇక్కడి పాలకునికి ఒక సంగతి స్పష్టంగా తెలుసు: ఈ సీమలో నీళ్లులేని భూమికి విలువ లేదు. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకోవాలి. మన చర్చ మళ్లీ దీని దగ్గరకే వస్తుంది.

1800లో నిజాము ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి వదలుకున్నాడు. 1800 నుంచి 1807 వరకు ప్రధాన కలెక్టరుగా వున్న థామస్ మన్రో పాలెగాండ్లను అణచి, రైత్వారీ పద్ధతిని నెలకొల్పాడు. ప్రభుత్వానికీ రైతుకూ నడుమ జమీందారు లేకుండా పోయాడు. కాని జమీందారు లేనంత మాత్రాన అసమానత లేకపోలేదు. చెరువు కింది మడులు ఊరి పెద్దరైతుల చేతిలో, ఎగువ మెట్టచేలు చిన్నరైతుల చేతిలో, పాచిపని, పశువుల పని, సేద్యపు జీతం మాల మాదిగ పల్లెల చేతిలో మిగిలాయి. 1876-78 నాటి పెద్ద కరువు ఈ సీమను ఊడ్చిపెట్టింది. కరువు వచ్చినప్పుడల్లా అప్పు పెరిగింది, అప్పు పెరిగినప్పుడల్లా చిన్నరైతు చేను చేయి మారింది.

ఇందువల్లనే ఎస్టేటుల రద్దుకు మద్రాసు ప్రభుత్వం 1948లో చేసిన చట్టానికి ఈ ప్రాంతంలో పెద్దగా పనిలేకపోయింది. కృష్ణా గోదావరి మండలాలలో, శ్రీకాకుళంలో జమీందారీ వ్యతిరేక పోరాటానికి ఎదురుగా స్పష్టమైన శత్రువు వున్నాడు. తెలంగాణాలో 1946-51 నాటి సాయుధ పోరాటానికి జాగీర్దారులు, దేశముఖులు ఎదురుగా వున్నారు. బద్వేలులో ఎదురుగా వున్నవాడు నలభై యాభై ఎకరాల మెట్ట, నాలుగెకరాల మడి, రెండు బావులు, ఊరిమీద పెత్తనం వున్న రైతు. కమ్యూనిస్టు నాయకుడు ఎద్దుల ఈశ్వరరెడ్డిని 1952లోనే లోకసభకు పంపిన జిల్లా ఇది. అయినా ఇక్కడ భూమి సమస్య తెలంగాణాలో వలె పేలక, లోలోపలే కుములుతూ వచ్చిందంటే కారణం ఈ స్వభావమే.

2. పరిమితి చట్టాలు ఇక్కడ ఏం చేశాయి?

1961లో ఆంధ్రప్రదేశ్ చేసిన మొదటి భూపరిమితి చట్టం భూమి తరగతినిబట్టి 27 ఎకరాల నుంచి 324 ఎకరాల దాకా వుంచుకోనిచ్చింది. మూడువందల ఇరవైనాలుగెకరాల మెట్ట వుంచుకొమ్మని చెప్పిన చట్టం రాయలసీమలో ఎవరి భూమిని తీసుకుంటుంది? 1970లో కమ్యూనిస్టు పార్టీ దేశవ్యాప్తంగా భూఆక్రమణ ఉద్యమం నడిపిన తరువాత, ఆ వేడిలో, 1973 నాటి కొత్త చట్టం వచ్చింది. ఐదుగురున్న కుటుంబానికి మాగాణి అయితే 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54 ఎకరాలు పరిమితి అన్నారు. చట్టం 1973లో చేశారు. అమలులోకి తెచ్చినది 1975 జనవరి 1న. ఆ రెండేండ్ల గడువులో కొడుకుల పేర్లమీద, అల్లుళ్ల పేర్లమీద, చివరకు జీతగాండ్ల పేర్లమీద గూడా భూములు ఎట్లా మారాయో పల్లెలో పెద్దవాళ్లను అడిగితే చెబుతారు. రాష్ట్రం మొత్తంమీద ఈ చట్టం కింద పంచగలిగినది ఆరులక్షల ఎకరాల దరిదాపు. అందులో సాగుకు పనికిరాని భూమి ఎంతో, కోర్టులలో ఏండ్ల తరబడి నలిగినది ఎంతో!

రెండవ దారి, అనగా ప్రభుత్వభూమి పంపిణీ, లెక్కలలో చాలా పెద్దది. దశాబ్దాల కాలంలో ఉమ్మడి రాష్ట్రంలో నలభై లక్షల ఎకరాలకు పైగా పేదలకు పట్టాలిచ్చారు. రాయలసీమలో దీన్ని దరఖాస్తు భూమి అంటారు, ఆ పట్టాను డి.కె.టి. పట్టా అంటారు. ఈ భూమిని అమ్మరాదు, కొనరాదు అని 1977లో 9వ చట్టం చేశారు. అయినా అమ్మకాలు ఆగలేదు. పిల్ల పెండ్లికో, రోగానికో, బోరు అప్పుకో తెల్లకాగితం మీద రాసి ఇచ్చిన పేదవాడు ఎందరో! కొన్నవాడు ఎవడు? తరచు ఆ ఊరి పెద్దరైతే. కడప జిల్లాలోనే ఇడుపులపాయలో తమ కుటుంబం అధీనంలో వున్న అసైన్డు భూమిని, ఆరువందల ఎకరాలకు పైగా, ప్రభుత్వానికి తిరిగి అప్పగిస్తున్నట్లు 2006లో ఆనాటి ముఖ్యమంత్రే శాసనసభలో ప్రకటించాడు. ముఖ్యమంత్రి ఇంటి సంగతే అయినప్పుడు, పేరులేని పల్లెలలో ఎన్ని వేల ఎకరాలు ఇట్లా చేయి మారి వుంటాయో ఊహించుకోవచ్చు.

3. కొనుగోలు సిద్ధాంతం

ఈ రెండు దారులూ మూసుకుపోయినట్లు కనిపించినచోట మూడవ దారి తెరుచుకున్నది. 1974లో ఏర్పడిన షెడ్యూల్డు కులాల సహకార ఆర్థిక సంస్థ తరువాతి కాలంలో దళితులకు భూమి కొని ఇచ్చే పథకాన్ని నడిపింది. 2000 తరువాత ప్రపంచబ్యాంకు అప్పుతో నడిచిన వెలుగు, ఇందిర క్రాంతి పథం కార్యక్రమాలలోనూ భూమి కొనుగోలు ఒక భాగమైంది. మహిళాసంఘాలు భూమిని చూసుకోవటం, ధర మాట్లాడుకోవటం, పట్టా ఆడవారి పేరుమీద రాయటం దానిలో విశేషం. తెలంగాణాలో 2014 ఆగస్టు 15న దళిత కుటుంబాలకు మూడెకరాల పథకం మొదలైంది. అదీ చాలావరకు కొనుగోలు మీదనే నడిచింది.

ఈ పథకాలను సమర్థించేవారి వాదన తేలికగా తోసివేయదగింది కాదు. అమ్మేవాడు ఇష్టపడి అమ్ముతున్నాడు గనుక కోర్టు తగాదా వుండదు, ఊళ్లో పగ వుండదు, పేదవాడు మరునాడే చేనులో అరక కట్టవచ్చు అంటారు. పరిమితి చట్టం కింద మిగులు అని తేలిన భూమి కోసం ఇరవై ఏండ్లు కోర్టు మెట్లెక్కిన పేదవాని కథ తెలిసినవారికి ఈ మాటలో బలం కనిపిస్తుంది.

కాని లెక్క చూడండి. ఉదాహరణకు ఎకరం లక్ష రూపాయలనుకుందాం. నేడు ఆ ధరకు మంచి భూమి దొరకదు, అయినా అనుకుందాం. లక్ష కుటుంబాలకు తలా ఒక ఎకరం ఇవ్వటానికి వెయ్యికోట్లు కావాలి. భూమిలేని కుటుంబాలు రాష్ట్రంలో లక్షలకు లక్షలు. తెలంగాణాలో ఏడేండ్ల దరిదాపు నడిచిన మూడెకరాల పథకం కింద భూమి అందినది సుమారు ఏడువేల కుటుంబాలకు. ఆశపెట్టినది లక్షలమందికి. జాబితాలో పేరు రానందుకు 2017లో మానకొండూరులో ఇద్దరు దళిత యువకులు ఒంటికి నిప్పంటించుకున్నారు. అందరికీ హక్కుగా ఇవ్వవలసినదాన్ని కొందరికి బహుమానంగా ఇస్తే పర్యవసానం ఇట్లాగే వుంటుంది. జాబితా రాసేవాడు కొత్త దొర అవుతాడు.

ఇది మనదేశపు అనుభవమే కాదు. 1994లో దక్షిణాఫ్రికాలో నల్లజాతి ప్రజల ప్రభుత్వం వచ్చినప్పుడు, తెల్లవారి సాగుభూమిలో నూటికి ముప్ఫై పాళ్లు ఐదేండ్లలో పంచుతామన్నారు. ఇష్టపడి అమ్మేవాడు, ఇష్టపడి కొనేవాడు అన్న సూత్రాన్ని పట్టుకున్నారు. ఐదేండ్లు గడిచేసరికి ఆ లక్ష్యంలో చిన్న భాగం గూడా నెరవేరలేదు. గడువును 2014కు జరుపుకున్నారు, అదీ దాటిపోయింది. బ్రెజిల్‌లో 1997లో ప్రపంచబ్యాంకు సాయంతో ఇటువంటి పథకం మొదలైతే, భూమిలేని కూలీల ఉద్యమం దాన్ని గట్టిగా ఎదిరించింది. ఇంకా వెనక్కు వెళితే, 1861లో రష్యాలో బానిస రైతులకు విముక్తి ఇచ్చిన జారు ప్రభుత్వం, వారికి వచ్చిన భూమి ధరను నలభైతొమ్మిదేండ్ల వాయిదాలలో వారి దగ్గరే వసూలు చేయబూనింది. 1905 విప్లవం వచ్చి కదిలిస్తే తప్ప ఆ వాయిదాలు రద్దుకాలేదు.

4. ఆ ఎనిమిదెకరాలు

ఇక నా పల్లెకు వస్తాను. ఆ పెద్దరైతు ఎనిమిదెకరాలే ఎందుకు అమ్మాడు? ఆ ఎనిమిదెకరాలే ఎందుకు అమ్మాడు? ఈ రెండు ప్రశ్నలలో కొనుగోలు పథకం రహస్యమంతా వుంది. ఆయన చెరువు కింద మడి అమ్మలేదు. బావికింద చేను అమ్మలేదు. రాళ్లున్న, నీటికి దూరమైన, కూలీలు దొరక్క రెండేండ్లుగా బీడుపెట్టిన కొండపాదం చేను అమ్మాడు. దానికి బయట గిరాకీ లేదు. ప్రభుత్వం కొంటుందనగానే ధర పలికింది. వచ్చిన డబ్బుతో తన దిగువచేనులో రెండు బోర్లు వేయించుకున్నాడు.

ఆయన చెడ్డవాడని నేననటం లేదు. ఆయన స్థానంలో ఎవరున్నా అదే చేస్తారు. ఏది అమ్మాలో నిర్ణయించే హక్కు యజమానిదే అయినప్పుడు, మంచి భూమి మార్కెట్టుకు రాదు. ప్రజల డబ్బు పెద్దరైతు బీడును నగదుగా మార్చింది, ఆ నగదు భూగర్భ జలాన్ని ఆయన వైపుకు లాగింది. పైచేనులో పేదలు తరువాత వేయించిన బోరులో దుమ్ము తప్ప నీరు రాలేదు. నా పాత వాక్యంలోని నిజం ఇది.

నేను ఆలోచించని సగం ఏమిటి? కొన్నేండ్ల తరువాత ఆ పల్లెకు వెళ్లాను. ముసలమ్మ ఎకరంలో వానకు కంది, కొర్ర వేస్తున్నది. పంట ఏటా రాదు. రెండేండ్లకొకసారి వస్తుంది. దానితో ఇల్లు గడవదు. కూలికి పోతూనే వున్నది. కాని ఆ ఊళ్లో ఒక మార్పు జరిగింది. పూర్వం పెద్దరైతు ఇంటినుంచి పిలుపు వస్తే, రోగమున్నా, పిల్లవానికి జ్వరమున్నా లేచి పోవలసిందే. ఇప్పుడు ఆమె, "రేపొస్తాలే, నా చేన్లో కలుపుండాది" అని చెప్పగలుగుతున్నది. ఎకరం మెట్ట ఆమెకు అన్నం పెట్టలేదు. రేపొస్తాననే ధైర్యం ఇచ్చింది. పాసుబుక్కులో తన పేరున్న ఆడమనిషిని కొడుకు గూడా కాస్త నిదానించి మాట్లాడుతున్నాడు.

వర్గదృష్టి అనేది సంఖ్యలను చూసి సరిపెట్టుకునేది కాదు, మనుషుల మధ్య సంబంధం ఎట్లా మారిందో చూసేది అని మనమే గదా పాఠాలు చెబుతాము? ఆ లెక్కన నేను ఆమెకు ఆనాడిచ్చిన సలహా తప్పు. ఆమె నా మాట విని వేలిముద్ర వేయకుండా వుంటే ఆమెకు రేపొస్తాననే మాట గూడా వుండేది కాదు.

5. కొనుగోలు అంటే ఒకటే అర్థమా?

ఇక్కడ మనం చేసే పొరపాటు మరొకటి వుంది. కొనుగోలు అన్న మాట వినగానే అది ప్రతీచోటా ఒకే వస్తువని భావిస్తాము. రెండవ ప్రపంచయుద్ధం తరువాత జపానులో జరిగిన భూసంస్కరణ గూడా కొనుగోలే. 1946 చట్టం కింద ప్రభుత్వం భూస్వాముల భూమిని కొని కౌలుదార్లకు అమ్మింది. సుమారు ఇరవైలక్షల హెక్టార్లు, సాగుభూమిలో మూడోవంతు దరిదాపు, అట్లా చేయి మారింది. కాని ఏ భూమి అమ్మాలో భూస్వామి ఇష్టం కాదు. ధర మార్కెట్టు ధర కాదు. చట్టం నిర్ణయించింది, ఆనాటి ద్రవ్యోల్బణం దాన్ని నామమాత్రం చేసింది. ఊరూరా ఏర్పడిన భూసంఘాలలో కౌలుదార్లు ఐదుగురు, భూస్వాములు ముగ్గురు, సొంత సేద్యగాండ్లు ఇద్దరు. తైవానులో 1953లో పరిహారాన్ని ఏడాది ప్రధాన పంటకు రెండున్నర రెట్లుగా కట్టి, చాలాభాగం బాండ్లుగా ఇచ్చారు.

కాబట్టి డబ్బు చెల్లించటం, చెల్లించకపోవటం ఒక్కటే గీటురాయి కాదు. భూమిని ఎన్నుకునేది ఎవరు? ధర కట్టేది ఎవరు? కాదనే హక్కు అమ్మేవానికి వున్నదా లేదా? ఈ మూడు ప్రశ్నలకు వచ్చే జవాబునుబట్టి అదే కొనుగోలు ఒకచోట భూసంస్కరణ అవుతుంది, మరొకచోట బీడుభూముల వ్యాపారమవుతుంది. జపానులో ఆ జవాబు వెనుక ఆక్రమణ సైన్యపు అధికారం వుంది, కౌలుదార్ల సంఘాల ఒత్తిడి వుంది. మన దగ్గర సైన్యం ఊసే లేదు, వుండనక్కరలేదు. సంఘం వుండాలి.

ఇంకొక విచిత్రం మన ప్రాంతానికే ప్రత్యేకం. ప్రభుత్వం ఒక చేత్తో దరఖాస్తు భూమిని పేదకు ఉచితంగా ఇచ్చింది. అది తెల్లకాగితం మీద పెద్దరైతు చేతికి పోయింది. మరొక చేత్తో ప్రభుత్వం ఖజానా డబ్బు పట్టుకొని, పేదలకోసం భూమి అమ్మేవారెవరని అదే పెద్దరైతు గుమ్మం ముందు నిలబడింది. 1977 చట్టాన్ని నిజంగా అమలుజరిపి, పోయిన భూమిని పోగొట్టుకున్నవారికి తిరిగి ఇప్పిస్తే పైసా ఖర్చు లేదు. 2004లో నియమించిన కోనేరు రంగారావు భూకమిటీ సిఫార్సులు నూటికి పైగా వున్నాయి. వాటి అమలుకోసం, ఇళ్లస్థలాలకోసం 2007లో వామపక్షాలు భూపోరాటం నడిపితే, జూలై 28న ముదిగొండలో పోలీసు కాల్పులలో ఏడుగురు మరణించారు. కొనటానికి డబ్బున్న ప్రభుత్వానికి, తన చట్టాన్ని తాను అమలుచేయటానికి మనసు లేకపోయింది.

2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ 1977 చట్టాన్నే సవరించి, పట్టా పొంది ఇరవై ఏండ్లు నిండిన అసలు పట్టాదారులకు అమ్ముకునే హక్కు ఇచ్చింది. పేదవానికీ ఆస్తిహక్కు వుండాలన్నది దాని సమర్థన. ఆ వాదంలో న్యాయం లేకపోలేదు. కాని కరువు సీమలో అమ్ముకునే హక్కును ముందుగా వాడుకునేది అప్పులవాడు. 2024లో ప్రభుత్వం మారగానే ఆ భూముల రిజిస్ట్రేషన్లు ఆపి, విచారణ మొదలుపెట్టారు. ఆ ఏడు జూలైలో మదనపల్లె సబ్‌కలెక్టరు కార్యాలయంలో మంటలు లేచి భూముల దస్త్రాలు కాలిపోయాయి. బద్వేలు ప్రాంతంలో నకిలీ పట్టాల మాట పత్రికలు చదివేవారికి కొత్త కాదు. కాగితమే భూమి అయిన ఈ కాలంలో, కాగితాన్ని కాపాడుకోలేనివాడు చేనునూ కాపాడుకోలేడు.

6. మనం ఏం కోరాలి?

కొనుగోలు పథకాన్ని మొత్తంగా తిరస్కరించమని పేదలకు చెప్పే అర్హత మనకు లేదు. దాన్నే భూసంస్కరణ అని పిలిచి సంతృప్తిపడే అమాయకత్వమూ వద్దు. మొదట చేయి మారిన దరఖాస్తు భూమి లెక్క ఊరూరా బయటపెట్టి, పోగొట్టుకున్నవారికి అప్పగించాలి. ఆ తరువాతనే, ఆ భూమి చాలనిచోటనే, కొనుగోలు. కొన్నప్పుడు ఏ భూమి కొనాలో ఊరి కూలీల సంఘం నిర్ణయించాలి. ధర ఆ భూమి ఇచ్చే పంటనుబట్టి కట్టాలి. నీటివసతి చూపకుండా ఒక్క ఎకరం గూడా కొనరాదు. ధరలో ఒక్క రూపాయి గూడా పేదవాని నెత్తిన అప్పుగా పెట్టరాదు. జాబితా రచ్చబండ దగ్గర చదవాలి, ఆఫీసు గదిలో కాదు.

ఇవి విప్లవపు కోరికలు కావు. అయినా ఇందులో ఏ ఒక్కటీ అడగకుండా రాదు. బద్వేలు తెలుగుగంగ కాలువను చూసింది, బ్రహ్మంసాగరాన్ని చూసింది. నీరు వచ్చినచోట భూమి ధర ఎన్నో రెట్లు పెరగటమూ చూసింది. రేపు మరికొన్ని ఊళ్లకు నీరు వస్తే, ముసలమ్మ ఎకరానికి గూడా కొనుగోలుదారు వస్తాడు. ఆనాడు ఆమె మనుమడు ఆ ఎకరాన్ని నిలబెట్టుకుంటాడా, అమ్ముకుంటాడా అన్నది అతని గుణాన్నిబట్టి తేలేది కాదు. అతని వెనుక సంఘం వుందా లేదా అన్నదాన్నిబట్టి తేలుతుంది.

పోయినసారి వెళ్లినప్పుడు ఆమె నన్ను గుర్తుపట్టి, "ఏం సార్, ఇప్పుడేమంటావు?" అని నవ్వింది. "నువ్వు తీసుకోవటమే మంచిదయిందమ్మా" అన్నాను. ఆమె నవ్వు మాని, దిగువనున్న పెద్దరైతు పచ్చని చేనువైపు చేయిచూపి, "దాన్ని అడగమని ఆ పొద్దు మాకెవురూ చెప్పలేదే?" అన్నది.

ఆ పొద్దు చెప్పవలసినవాణ్ణి నేనే. ఆ చేనును అడగమని చెప్పటం మాని, ఈ ఎకరాన్ని వద్దనమని చెప్పాను.